రుమాల్లో బంగారం

భవానీపురం, విజయవాడ
24-3-1975

మామయ్యకు మార్త నమస్కారాలు.

ఉత్తరం విప్పగానే మీరు వెతికే మాట ముందే రాసేస్తున్నాను. బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, గడియ పెట్టుకునే పడుకుంటున్నాను. ఈ వాక్యం అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించండి.

బాగా లేనిది మా మిషను.

మా కాలవల సర్వే ఆఫీసులో బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు ఒకటి ఉందని చేరినప్పుడే మీకు రాశాను. పెద్ద టైపు మిషనంత ఉంటుంది. ముందు మీటలు, పైన ఒకే ఒక్క వరసలో ఎర్రగా వెలిగే అంకెలు. బ్యారేజీ దగ్గర ఇంత నీరు వదిలితే ఏ లాకు తలుపులు ఎప్పుడు దాటుతుంది, ఏ తూముకి ఏ రోజు ఏ గంటకి చేరుతుంది అన్నది అది లెక్క కట్టి చెప్పాలి. కాలవల వెడల్పులూ లోతులూ వాలూ పొద్దుటినుంచీ నేను కొడుతూ కూర్చుంటాను. వాటిని గుర్తుంచుకోవడానికి లోపల నాలుగు మెమరీ కార్డులున్నాయి. వెనక మూత తీస్తే నాలుగు స్లాట్లు కనిపిస్తాయి, ఒక్కో స్లాటులో ఒక్కో కార్డు నిలువుగా దిగుతుంది. కార్డు అడుగంచున సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. వాటికి నిజం బంగారం పూత.

కొడుతున్నంతసేపూ నాకు నీళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది మామయ్యా. నవ్వకండి. గది చల్లగా ఉంటుంది, కిటికీలు మూసి ఉంటాయి, వీధిలో రిక్షా గంట ఎక్కడో దూరాన మోగుతుంది, నా వేళ్ళ కింద కాలవ మెల్లగా సాగుతూ పోతుంది. ఉయ్యూరు దాటి మన పామర్రు తూము అంకె వచ్చేసరికి చేతులు వాటంతటవే ఆగిపోతాయి. మీ షాపు ముందు బల్ల, అత్తయ్య గట్టు మీద ఆరేసిన చీరలు కనిపిస్తాయి. మళ్ళీ తేరుకుని తరవాతి అంకె కొడతాను.

నెల రోజులుగా ఏం జరుగుతోందంటే, మధ్యాహ్నం అయ్యేసరికి ఎర్ర అంకెలు పిచ్చి అంకెలైపోతున్నాయి. తరవాత అంతా ఆరిపోతుంది. పొద్దుటినుంచీ కొట్టినదంతా పోతుంది, లెక్క పద్ధతి ఉన్న కాసెట్టు పెట్టి ఎక్కించుకుని మళ్ళీ మొదటినుంచీ కొట్టుకు రావాలి. ఒకోసారి మూడో స్లాటులో కార్డు ఉన్నట్టే మిషను ఒప్పుకోదు.

మా ఇంజనీరు రామకోటేశ్వరరావు గారు మంచివారే గానీ మాట ఖరాకండీ. జూన్ పదిన కాలవలకి నీరు వదులుతారట. ఆలోగా ఏ తూముకి ఏ గంటో పట్టిక తయారవ్వాలి. అవ్వకపోతే మిషనుని కట్టి మద్రాసు పంపేస్తానన్నారు. "మిషను లేనప్పుడు ఆపరేటరెందుకమ్మా?" అని కూడా అన్నారు. నాది ఇంకా టెంపరరీ అని మీకు తెలుసు.

ముప్ఫై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవారు. దీనికేమైనా దారి చెప్పండి.

అత్తయ్యతో ఒక్క మాట. గుణదల మరియమ్మ తిరనాళ్ళకి వచ్చినప్పుడు ఆవిడ రుమాల్లో చూసిందే, అదే ఇప్పుడు మొండికేసింది. ఆవిడకి అర్థమవుతుంది.

మీ జవాబు కోసం రోజూ పోస్టు వేళకి గుమ్మంలో ఉండే
మార్త


పామర్రు
29-3-1975

చిరంజీవి మార్తకు మామయ్య శౌరయ్య ఆశీస్సులు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదవమంది. రేపు ఈస్టరు, నువ్వు లేవని మీ అత్తయ్య పిండివంటలు సగమే చేసింది. ఆ సగమూ నేనే తింటున్నాను.

కంప్యూటరు నేను కంటితో చూసినవాణ్ణి కాను. అయినా దిగేదీ, దిగించుకునేదీ అని రెండున్నచోట పద్ధతి ఒకటే. రేడియో గొంతు పోతే వాల్వు పోయిందా, వాల్వు కూర్చునే సాకెట్టు పోయిందా అని తేల్చడానికి వాల్వుల్ని అటూ ఇటూ మారుస్తాం. తప్పు వాల్వు వెంట వెళితే వాల్వుది, ఉన్నచోటే ఉంటే సాకెట్టుది. నువ్వూ అంతే చెయ్యి. ముందు స్విచ్చి కట్టెయ్యి, ప్లగ్గు పీకు, చల్లారనివ్వు. కార్డుల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెన్సిలుతో రాసుకో. మూడో కార్డుని ఒకటో స్లాటులో, ఒకటో కార్డుని మూడో స్లాటులో పెట్టు. ఆ రోజుకి అంతే. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యాలి. తొందరపడి నాలుగూ కలిపి కుదిపావంటే దేవుడు కూడా నీకు చెప్పలేడు.

ఆరిపోయిన టైము నోటుబుక్కులో రాయి. ఆ టైముకి గదిలో ఎవరేం చేస్తున్నారో అదీ రాయి. నువ్వు పదేళ్ళప్పుడు నా షాపులో కూర్చుని టంకం పెట్టడం నేర్చుకుంటూ వేలు కాల్చుకున్నావు, అప్పుడు కూడా టైము రాసుకున్నావు. ఆ పిల్లవే కదా నువ్వు.

ఇక రుమాల్లో ఏం చూశావని మీ అత్తయ్యని అడిగాను. "ఆడవాళ్ళ సంగతులు మీకెందుకండీ?" అంది. మిషను సంగతి ఆడవాళ్ళ సంగతి ఎప్పుడయిందో నాకు తెలియదు. మీరిద్దరూ ఏదో దాస్తున్నారు. దాచుకోండి, నా పని కార్డుల వరకే.

షాపులో ఒక మర్ఫీ రేడియోని ముందరేసుకుని కూర్చున్న
మామయ్య


భవానీపురం
10-4-1975

మామయ్యా,

మీరు చెప్పినట్టే చేశాను. చూడండి ఏమయిందో.

మొదటి రోజు మూడో కార్డు ఒకటో స్లాటులోకి వెళ్ళింది. తప్పు కూడా వెళ్ళింది, ఒకటో స్లాటు దగ్గరే తేడా వచ్చింది. సరే, దొంగ దొరికాడు, కార్డుదే తప్పు అని సంబరపడ్డాను. ఆ కార్డు తీసి పక్కన పెట్టి మూడు కార్డులతోనే నడిపించాను. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రోజు మళ్ళీ ఆరిపోయింది! ఈసారి ఒకటో స్లాటులో ఉన్నది, మూడోదాని చోట నేను పెట్టిన రెండో కార్డు. ఎప్పుడూ తప్పు చెయ్యనిది. దాన్ని తీసి నాలుగో స్లాటులో పెడితే రెండు రోజులకి నాలుగో స్లాటూ మొదలుపెట్టింది. మామయ్యా, ఇది అంటుకుంటోంది. నేను చేత్తో తీసి ఎక్కడ పెడితే అక్కడికల్లా వస్తోంది.

టైములు రాశాను. ఎప్పుడూ పన్నెండున్నర దాటాకే. ఆ వేళకి మా అటెండరు పీరు తాత కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లుతాడు. గదంతా తడి వాసన కమ్ముకుంటుంది, కాసేపటికి అంకెలు చెదురుతాయి. ఇది నోటుబుక్కులో రాసి ఇంజనీరు గారికి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఆయన అక్కడికక్కడే తడికలు విప్పించేశారు, నిర్లక్ష్యంగా మిషనుని తడిపావని పీరు తాతకి మెమో ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇదే మొదటి మెమో అట. తాత దాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీలో దాచుకున్నాడు. "పోనీలే తల్లీ, చల్లింది నేనేగా" అన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

తడికలు తీశాక ఎండకి గది కుంపటయింది. మిషను కొంచెం నయం, బాగవ్వలేదు. అంటే తడి ఒక్కటే కారణం కాదు కదా? మరి నిరుడు ఇవే తడికలు, ఇవే నీళ్ళు. అప్పుడు లేనిది ఇప్పుడెందుకు?

మొన్న ఒక కల వచ్చింది. నేను కాలవ అడుగున నడుస్తున్నాను. నీళ్ళు లేవు. ఎండిన మట్టిలో వరసగా బంగారు పళ్ళు మెరుస్తున్నాయి. దూరం నుంచి అత్తయ్య పిలుస్తోంది, నీళ్ళొస్తున్నాయే, గట్టెక్కు అని. నాకు మాత్రం ఎక్కబుద్ధి కాలేదు, ఆ పళ్ళ మీద నడుస్తూనే ఉన్నాను. లేచాక కూడా చాలాసేపు అరికాళ్ళకి చల్లగా అనిపించింది.

కాలవలకి నీళ్ళు కట్టేశారటగా. ఇంక రెండు నెలలే.

మార్త


పామర్రు
18-4-1975

చిరంజీవి మార్తకు,

నీ నోటుబుక్కు పద్ధతి నాకు నచ్చింది. పీరు సంగతి నచ్చలేదు. రాసింది నిజమే అయినా సగం నిజం మీద ఒక మనిషికి మెమో వచ్చింది. అది గుర్తుంచుకో.

ఇన్నేళ్ళలో ఒక వాల్వు తన రోగం సాకెట్టుకి అంటించడం నేను చూడలేదు. కరెంటు రోగం అయితే అలా అంటదు. అంటుకునేది మురికి. ఆ మూడో కార్డు పళ్ళకి ఏదో ఉంది, అది ఏ స్లాటులో దిగితే ఆ స్లాటుకి పూసుకుంటోంది, అక్కణ్ణుంచి తరవాతి కార్డుకి. తేమ తగిలితే మెత్తబడి కరెంటు దారి చెడగొడుతోంది. అలాగైతే ఇల్లిల్లూ తిప్పమని నీకు చెప్పినవాణ్ణి నేనే. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

కంటికి కనపడకపోతే ముక్కుతో చూడు. మెకానిక్కుకి మీటరు కంటే ముందు పుట్టింది ముక్కే. ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఒక వాసన, ఎలక దూరితే ఒక వాసన, ఎవరైనా నూనె చేత్తో ముట్టుకుంటే ఒక వాసన. మూడో కార్డు పళ్ళ మీద నోటి ఆవిరి ఊదు. ఊది వెంటనే వాసన చూడు. ఏం తగిలితే అది రాయి, తెలివితక్కువగా ఉన్నా సరే.

మీ అత్తయ్య సంగతి కాస్త బాగా లేదు. ఒంట్లో బాగానే ఉంది. నీ ఉత్తరం చదివిన రోజు నుంచీ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. సాయంత్రం ఎండిన కాలవ దాకా వెళ్ళి చూసి వస్తోంది. నిన్న నేను టంకం పెడుతుంటే వచ్చి, "ఏమండీ, పళ్ళున్న వస్తువు తడిస్తే పాడవుతుందా?" అని అడిగింది. "ఏం తడి అన్నదాన్ని బట్టి" అన్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మిషను మీద నీకు బెంగ ఉందంటే అర్థముంది. ఈవిడకెందుకో తెలియడం లేదు.

వాసన రాయడం మరిచిపోకు.

మామయ్య


భవానీపురం
27-4-1975

మామయ్యా,

నాకు మతి పోయిందనుకోకండి. ఊదాను, వాసన చూశాను. కుంకుడుకాయ.

మళ్ళీ చూశాను. కుంకుడుకాయే. చాలా పల్చగా, లోపలెక్కడి నుంచో వచ్చినట్టు. మిషను గదిలో కళ్ళు మూసుకుని నిలబడిపోయాను. అమ్మ పోయిన ఏడాది నాకు ఆరేళ్ళు. శనివారం పూట పెరట్లో రాతి పలక మీద అత్తయ్య నన్ను కూర్చోబెట్టి తలంటేది. నలగ్గొట్టి వేడినీళ్ళలో నానేసిన కుంకుడుకాయలు, ఇత్తడి గిన్నె నిండా నురగ. కళ్ళు మండి ఏడిస్తే నాలిక మీద ఉప్పుకల్లు పెట్టేది. ఎందుకు పెట్టేదో ఇప్పటికీ తెలియదు గానీ మంట పోయేది. ఆ ఎండ, ఆ నురగ, ఆవిడ మోకాళ్ళ మధ్య నా తల. ఎక్కడో మద్రాసు దాటి ఓడలో వచ్చిన కార్డుకి ఆ శనివారం వాసన ఎలా...

మామయ్యా, ఇక్కణ్ణుంచి పైకి చదవకండి. అత్తయ్య పక్కన ఉంటే ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోండి.

మీ దగ్గర దాచింది ఇప్పుడు చెప్తాను. ఫిబ్రవరిలో అత్తయ్య తిరనాళ్ళకి వచ్చి నా గదిలో దిగింది. రోజంతా నువ్వు చేసే పనేంటే, నాకు చూపించవే అని అడుగుతూనే ఉంది. ఆఫీసులోకి బయటివాళ్ళని రానివ్వరు. ఆవిడ చదువుకోలేదు, నేను చెబితే అర్థం కాదు. నా పని ఆవిడ కళ్ళారా చూడాలనిపించింది మామయ్యా. శనివారం సాయంత్రం మూడో కార్డు తీసి, రుమాల్లో చుట్టి, క్యారియరు గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. సోమవారం పొద్దున్నే తిరిగి పెట్టేశాను. కంపెనీ వస్తువు గడప దాటకూడదని మీరు వందసార్లు చెప్పారు. దాటించాను.

అత్తయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. పళ్ళకి బంగారం పూత అని చెప్పాను. "మరి ఇంత మాసిపోయిందేమే?" అంది. నేను నవ్వాను. ఆదివారం పొద్దున నేను కుళాయి దగ్గర వరసలో ఉండిపోయాను. తిరనాళ్ళకి వెళ్ళేముందు ఆవిడ తలంటుకుంది. నేను వచ్చేసరికి కార్డు రుమాల్లోనే ఉంది. పళ్ళు తళతళలాడుతున్నాయి. కిటికీలోంచి ఎండ పడి అనుకున్నాను.

ఇంట్లో బంగారం మాస్తే మన ఆడవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదా? ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదో.

ఆవిడకి చెప్పకండి. తను కడిగి పాడుచేశానని తెలిస్తే తట్టుకోలేదు.

మార్త


పామర్రు
3-5-1975

మార్తా,

నీ ఉత్తరం వచ్చేసరికి మీ అత్తయ్య చేటలో బియ్యం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. గట్టిగా చదువుతున్నాను. కుంకుడుకాయ అన్న మాట రాగానే ఆవిడ చేతులు ఆగాయి. ఇత్తడి గిన్నె దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైకి చదవకండి అన్నచోట నేను ఆగాను. "ఆగారేం? చదవండి. నేనే కదా కడిగింది" అంది.

చదివాను. చివరి వాక్యం కూడా చదివాను.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అది నా చేతిలో పెట్టి, ఇదే అత్తయ్యా నా పని, ఇదే నా అన్నం అందండీ. చూస్తే దాని పళ్ళ మీద వేలిముద్రలు, జిడ్డు. పిల్లదానికి అన్నం పెట్టే బంగారం అలా ఉంటే నాకు మనసొప్పలేదు. ఎటూ తలకి నానేశాను కదా, ఇంత నురగ తీసి మెత్తగా వేలితో రుద్దాను. చల్లటి నీళ్ళతో కడిగి కొంగుతో తుడిచాను. చెబితే తిడుతుందని చెప్పలేదు. నా మెడలోది కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ కడగలేదు." అంతవరకూ చెప్పి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. బియ్యం నేనే ఏరాను.

నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. పని నేర్పినప్పుడు మొదట నేర్పింది ఏమిటి? ఆవిడ చెయ్యకూడనిది చేసిందంటే తెలియక చేసింది. నువ్వు తెలిసి చేశావు. సరే, తిట్టు అక్కడికి చాలు. తిడుతూ కూర్చుంటే జూన్ ఆగదు.

ఇక మందు. కుంకుడు జిగురు నీళ్ళకే కరుగుతుంది, కానీ కుళాయి నీళ్ళు వద్దు. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటరు ఒక సీసా కొను. నాలుగు కార్డుల పళ్ళూ దానితో తడిపి మెత్తటి గుడ్డతో ఒత్తి తుడువు. రెండుసార్లు చెయ్యి. ఆ తరవాత మందుల షాపులో దొరికే స్పిరిటుతో ఒకసారి. నీడలో ఒక రోజంతా ఆరనివ్వు. ఆరాక పెన్సిలు రబ్బరుతో పళ్ళ మీద పైనించి కిందికి ఒకే వైపు, దుమ్ము తీసినంత తేలిగ్గా లాగు. పూత పల్చన, గట్టిగా రుద్దితే బంగారం పోయి రాగి బయటపడుతుంది. స్లాట్లకి పోస్టుకార్డు ముక్కని గుడ్డలో చుట్టి, స్పిరిటులో ముంచి, దించి తియ్యి. గుడ్డకి మురికి అంటనంతవరకూ మార్చి మార్చి చెయ్యి.

గుడ్డ ఈ పార్సిలులో ఉంది. మీ అత్తయ్య తన పాత చీర కొంగు చింపి ఇచ్చింది. "ఏ కొంగుతో తుడిచి పాడుచేశానో దానితోనే బాగవ్వాలి" అంది. ఇకమీదట నీ పనికి సంబంధించిన వస్తువేదీ చేత్తో ముట్టుకోనని మరియమ్మ పటం ముందు మొక్కుకుంది. నేను వద్దన్నా వినలేదు.

మామయ్య


భవానీపురం
20-5-1975

మామయ్యా, అత్తయ్యా,

బాగయింది! ఇవాళ్టికి పన్నెండో రోజు. నాలుగు కార్డులూ నాలుగు స్లాట్లలో బుద్ధిగా కూర్చున్నాయి. ఒంటిగంట, రెండు, మూడు, ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉంటాయి. కొంగు ముక్క ఒకటి మిగిలింది, సొరుగులో దాచుకున్నాను. అత్తయ్యా, ఇప్పుడు కార్డుకి ఏ వాసనా లేదు. చెబితే నవ్వుతారేమో, కొంచెం దిగులేసింది.

లెక్క మళ్ళీ మొదటినుంచీ కొట్టుకొస్తున్నాను. సాయంత్రాలు గదిలోంచి బయటికి వస్తే కృష్ణ మీద గాలి వీస్తుంటుంది. ఇసకలో నీటిపాయలు సన్నగా మెరుస్తుంటాయి. ఇంత తక్కువ నీరు అన్ని పొలాలకి ఎలా వెళుతుందా అనిపిస్తుంది, కానీ నా అంకెలు వెళుతుందనే అంటున్నాయి. నడుచుకుంటూ పోతుంటే నేను కూడా ఎక్కడికో పల్లానికి సాగుతున్నట్టుంటుంది.

రామకోటేశ్వరరావు గారు చాలా సంతోషంగా ఉన్నారు. "చూశారా, తడికలు తీయించగానే ఎలా దారికొచ్చిందో!" అంటున్నారు. నేనేం అనలేదు. లెక్క పూర్తయ్యాక నన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తారట.

ఎండలు మండిపోతున్నాయి. అత్తయ్యని మధ్యాహ్నం తిరగవద్దనండి.

మార్త


పామర్రు
24-5-1975
(పోస్టుకార్డు)

మార్తా,

మిషను బాగైనందుకు సంతోషం. మీ అత్తయ్య నిన్న కడుపునిండా తింది.

పీరు టోపీలో ఆ కాయితం ఇంకా ఉందా?

మామయ్య


భవానీపురం
2-6-1975

మామయ్యా,

మీ కార్డు మూడు వాక్యాలే. చివరిదాన్ని నాలుగైదు రోజులు మోశాను.

రోజూ పీరు తాత నా గది తలుపు దగ్గర మంచినీళ్ళ కూజా పెట్టి, మిషనుకి దూరంగా, గోడనానుకుని వెళుతున్నాడు. తన నీడ పడినా పాడవుతుందేమో అన్నట్టు. శనివారం అది చూసి లేచి తిన్నగా ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, మిషను పాడైంది పీరు తాత వల్ల కాదు. ఫిబ్రవరిలో ఒక మెమరీ కార్డు నేను ఇంటికి పట్టుకెళ్ళాను" అన్నాను.

"ఇంటికా? ఎందుకమ్మా?"

"మా అత్తయ్యకి చూపిద్దామని సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూసి ఏమన్నారు?"

"మాసిపోయిందన్నారు సార్. కుంకుడు రసంతో కడిగారు."

ఆయన కుర్చీ తిప్పి కిటికీ వైపు కూర్చున్నారు. కోపమో, నవ్వో, వెనక నుంచి నాకు తెలియలేదు. నాకు మాత్రం కళ్ళు మండుతున్నాయి. నాలిక మీద ఉప్పుకల్లు పెట్టడానికి అత్తయ్య అక్కడ లేదు.

ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది. పీరు తాతని పిలిపించి, టోపీలోంచి మెమో తీయించి, నా ఎదురుగా చింపేశారు. నా పర్మనెంటు కాయితం సొరుగులో పడేశారు. మిషను గది తాళం నా దగ్గర్నించి తీసుకుని తాత చేతికిచ్చారు. ఇకనుంచి తాత తలుపు తీస్తేనే నేను లోపలికి వెళ్ళాలి. సాయంత్రం నా క్యారియరు గిన్నెలు తాత విప్పి చూశాకే బయటికి రావాలి. ఇవాళ మొదటి రోజు. తాత గిన్నెల మూతలు తీసి, చూడకుండానే మళ్ళీ పెట్టేశాడు. "ఇంకొంచెం కూర తెచ్చుకోవాలి తల్లీ, ఇది నీకేం సరిపోతుంది?" అన్నాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అసలు సంగతి ఇది. ఇంజనీరు గారు అన్నారు: "మీరు కట్టిన లెక్క కాలవే చెబుతుంది. ప్రతి తూము దగ్గరా కాపలా ఉండే లస్కరు నీరు వచ్చిన టైము రాస్తాడు. గంట అటూ ఇటూ అయితే మిషనూ ఉంటుంది, మీరూ ఉంటారు. అంతకు మించి తేడా వస్తే నెలాఖరుకి రెండూ వెళతాయి." కడిగిన కార్డు మీద కట్టిన లెక్కని ఆయన నమ్మలేకపోతున్నారు. నేనైనా అంతే.

పదో తారీకు పొద్దున ఆరింటికి వదులుతారు. పామర్రు తూముకి నా అంకె చెబుతున్నాను. పన్నెండో తారీకు గురువారం, సాయంత్రం నాలుగున్నర. దారిలో మిగతా తూముల సంగతి నాకు ఇక్కడే తెలుస్తుంది. మన తూము మాత్రం మీరే చూసి రాయండి. లస్కరు కంటే ముందు మీ దగ్గర్నించి తెలియాలని ఉంది.

మార్త


పామర్రు
13-6-1975

చిరంజీవి మార్తకు,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, టైములతో సహా.

పొద్దున రేడియో గడియారంతో నా వాచీ కలుపుకున్నాను. మధ్యాహ్నం నుంచి ఢిల్లీ, అలహాబాదు అంటూ ఏవో పెద్ద వార్తలొస్తున్నాయి. షాపు ముందు జనం గుమిగూడారు. రేడియోని వాళ్ళకే వదిలేసి మూడింటికి మేమిద్దరం తూము దగ్గరికి వెళ్ళాం. లస్కరు హనుమయ్య పుస్తకం పట్టుకుని అప్పటికే అక్కడున్నాడు. కాలవ అడుగు పగుళ్ళిచ్చి ఉంది, గొర్రెలు నడిచిన అడుగులు కూడా అలాగే ఉన్నాయి.

నాలుగున్నర అయింది. ఏమీ లేదు. మీ అత్తయ్య కొంగు చాటున జపమాల తిప్పుతోంది. నాలుగూ యాభై. "మీ వాచీ ముందుందేమో చూడండి" అంది. లేదన్నాను. అయిదుకి హనుమయ్య, పైన లాకు దగ్గర తలుపు ఒకటి పట్టేసిందట, అక్కడ కాసేపు ఆగిందట అన్నాడు. నా చెవులు కాలవలోనే ఉన్నాయి. గంట దాటడానికి అరగంటే ఉంది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది మార్తా. నీకు పని నేర్పింది నేను, కార్డులు తిప్పమన్నది నేను.

ముందు వాసన వచ్చింది. ఎండిన మట్టి తడిసే వాసన. తరవాత మలుపు దగ్గర ఎండుటాకులు కదిలాయి. నీరు ఒక చేటంత వెడల్పున, నెమ్మదిగా, పుల్లల్నీ ఆకుల్నీ ముందుకి తోసుకుంటూ వచ్చింది. దాని మొహం మీద తెల్లటి నురగ. ఆ నురగ చూసి మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "కొత్త నీటికి నురగ ఉంటుంది, నీ కుంకుడుది కాదు" అన్నాను. నీరు వచ్చి తూము రాతిని తాకింది. అయిదూ పన్నెండు. నేనూ చూశాను, హనుమయ్యా చూశాడు. నా ఎదురుగానే పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. నలభై రెండు నిమిషాలు తేడా. నీ గంటలో ఇంకా పద్దెనిమిది నిమిషాలు మిగిలాయి.

హనుమయ్య వెళ్ళిపోయాడు. పగుళ్ళన్నీ నిండుతున్నాయి. మీ అత్తయ్య మెట్టు మీదే నిలబడిపోయింది, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని. ఏటా మొదటి నీళ్ళు కళ్ళకద్దుకునే మనిషి. ఏమయిందన్నాను.

"ఇవి మార్త నీళ్ళు కదండీ. నేను ముట్టుకోవచ్చా?" అంది.

ముట్టుకోమన్నాను. మెట్లు దిగి, రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి, చాలాసేపు అలాగే కూర్చుంది.

మామయ్య